మా అత్త బావిలోకి దిగిన ఎండాకాలం

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు నిండిన ఎండాకాలంలో, మా ఇంట్లో స్నానం చేయాలంటే వంగమడిలోకి వెళ్లి నిలబడాలి. మనిషికి రెండు చెంబులే. మా మేనత్త ఆ రెండు చెంబుల నీళ్లూ నెత్తిమీద నుంచి నెమ్మదిగా పోసేది. ఒంటిమీద నుంచి జారిన నీళ్లు వంగచెట్టు మొదట్లోకి పోయేవి. రోజుకో చెట్టు దగ్గర నిలబెట్టేది. ఇవాళ ఏ చెట్టు వంతో ఆమెకు ఖచ్చితంగా గుర్తుండేది. సబ్బు ముట్టనిచ్చేది కాదు. "చెట్టుకు సబ్బెందుకే, అదేమన్న పెండ్లికి పోతున్నదా?" అనేది.

అవి ఎనభైల నడిమి రోజులు. ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే దారిలో, ఇప్పుడు సందు లేకుండా మేడలు లేచిన చోట, మాకు మూడెకరాల కూరగాయల తోట ఉండేది. వంకాయ, బీరకాయ, గోరుచిక్కుడు, నాలుగు మడుల కొత్తిమీర. ఒక వైపు ఫ్యాక్టరీల రేకుల కప్పులు ఎండకు మెరిసేవి, ఇంకో వైపు దూరంగా మౌలాలి గుట్ట కనిపించేది. మా ఇంట్లో గడియారం లేదు. పొద్దున నాచారం సైరన్ మోగేసరికి మడులకు నీళ్లు కట్టడం అయిపోవాలి, సాయంత్రం సైరన్‌కు బర్రెలు ఇల్లు చేరాలి. అంతే మా లెక్క.

మా మేనత్త నాన్నకు అక్క. పెళ్లయిన నాలుగో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. తోటలో సగం పని ఆమెదే. తెల్లవారకముందే కూరగాయలు గంపకెత్తుకొని సర్కారు ఉద్యోగుల కాలనీలకు నడిచి వెళ్లి, గుమ్మం గుమ్మానికి తిరిగి అమ్మి, ఎండెక్కేలోగా వచ్చేసేది. ఆ కాలనీల్లో కోస్తా నుంచి వచ్చినవాళ్లు, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఎందరో ఉండేవారు. ఎవరితో ఎట్లా మాట్లాడాలో ఆమెకు తెలుసు. ఎవరికీ తలవంచి మాట్లాడటం మాత్రం నేను చూడలేదు.

అంతకు ముందు మూడేళ్లుగా కరువు. మొదటి రెండేళ్లు వానలు సరిగ్గా పడలేదు. మూడో ఏడు అసలే మొహం చాటేశాయి. ఉగాది నాటికి మా బావిలో నీళ్లు అడుగంటాయి. మోటారు వేస్తే పావుగంట నీళ్లు, ఆ తర్వాత గాలి. పైపు మూతి దగ్గర ముసలివాడి దగ్గులాంటి చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మా నాన్న మొహం నల్లబడేది. ఒక రోజు మోటారును ఇంకో మెట్టు కిందికి దించబోయి కాలు జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. కట్టు కట్టి, రెండు నెలలు మంచం దిగొద్దన్నారు.

మే నెల వచ్చేసరికి బావి పూర్తిగా ఎండింది. అడుగున నెర్రెలిచ్చిన నల్లటి పూడిక తప్ప ఏమీ లేదు. బర్రెలకు తాగడానికి, మాకు వండుకోవడానికి మైలు దూరం నుంచి బిందెలు మోసుకొచ్చేవాళ్లం. కొత్తిమీర మడులు మొదట పోయాయి. తర్వాత గోరుచిక్కుడు. వంగచెట్లను మాత్రం మా స్నానాలూ, బియ్యం కడిగిన నీళ్లూ, గిన్నెలు కడిగిన నీళ్లూ పోసి అత్త బతికించుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం పూట తలుపులకు తడి గోనెపట్టాలు వేలాడదీసి, జొన్న అంబలి తాగి, నేల మీద పడుకునేవాళ్లం. గోనెపట్టా గంటలో ఎండి కర్రలాగా బిగుసుకుపోయేది. మళ్లీ తడపడానికి నీళ్లెక్కడివి?

బావి పూడిక తీస్తే ఊట దొరుకుతుందని అందరికీ తెలుసు. కానీ తీసేదెవరు? ఆ పని చేసే వడ్డెర వాళ్లకు ఆ ఏడు ఊరూరా పిలుపులే. ఆషాఢం దాకా తీరిక లేదన్నారు. ఇరుగుపొరుగు రైతుల్లో వయసు మగవాళ్లంతా ఫ్యాక్టరీల్లో రోజు పనికి పోయారు. మా తాతయ్యకు డెబ్బై దాటాయి. నాన్న మంచం మీద ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే, పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్మే మనిషి ఒకాయన రావడం మొదలుపెట్టాడు. తెల్లటి చొక్కా, చేతిలో కొలిచే టేపు. మర్యాదస్తుడే, గట్టిగా మాట్లాడేవాడు కాదు. నాన్న మంచం పక్కన కూర్చొని, "అన్నా, ఎండిన బాయిని పట్టుకొని ఎన్నొద్దులు కూసుంటవు? భూమి అప్పజెప్పు, పక్క ఫ్యాక్టరీల నీకు వాచ్‌మన్ పని నేను మాట్లాడత" అనేవాడు. మూడోసారి వచ్చినప్పుడు నాన్న కళ్లు మూసుకొని, "సోమారం నాడు రా, సంతకం పెడత" అన్నాడు. అది మంగళవారం.

ఆ మనిషి వెళ్లాక అమ్మ పొయ్యి ముందు కూర్చొని ఉత్తగానే పుల్లలు కదుపుతోంది. నాకు అర్థమైంది ఒక్కటే. తోట పోతే బర్రెలు పోతాయి. నేను పేరు పెట్టుకున్న దూడ కూడా పోతుంది.

అప్పుడు మా అత్త గంపను గోడకు బోర్లించి, "బాయిల నేను దిగుత" అంది.

తాతయ్య అరుగు మీద నుంచి తలెత్తాడు. "ఏమంటున్నవే?"

"పూడు దీస్త. మరదలున్నది, బోడుప్పల్ నుంచి పనికొచ్చే ఇద్దరున్నరు. నలుగురం సాలమా?"

తాతయ్య ఆమె మీద ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఆ రోజు పెంచాడు. "ఆడది బాయిల కాలుబెడితే గంగమ్మ తల్లికి కోపమొస్తది. మా తాతల నాటి నుంచి లేదు. అందుల నువ్వు..." అని ఆగిపోయాడు.

ఆగిపోయిన మాట ఏమిటో మా అందరికీ తెలుసు. నాకు కూడా తెలుసు. ఊళ్లో ఏ శుభకార్యం జరిగినా ఆమె వంటింటి వెనకే ఉండిపోయేది.

మా అత్త తడబడలేదు. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "అను నాయినా. మొగడు సచ్చినదాన్ననే గద? ఊరంత అంటనే ఉన్నది, నువ్వొక్కనివి ఎందుకు మింగుతవు?" అంది. తర్వాత గొంతు తగ్గించి, నెమ్మదిగా అడిగింది. "సరే, గంగమ్మకు కోపమొస్తది. వస్తె ఏం జేస్తది? బాయి ఇడిసి పోతదా? ఎప్పుడో పాయె. కోపం పట్టలేక పైకొస్తదా? గదే గద మనకు గావల్సింది! రానియ్యి."

మంచం మీద నాన్న నవ్వాపుకోలేక దగ్గాడు. కాలు విరిగాక ఆయన నవ్వడం అదే మొదలు. తాతయ్య మాత్రం నవ్వలేదు. కండువా దులుపుకొని లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడు తెల్లవారుతూనే మేమంతా బావి దగ్గర ఉన్నాం. అత్త, అమ్మ, బోడుప్పల్ నుంచి మా తోట పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు. తోట పోతే ఆ ఇద్దరికీ పని పోతుంది, అందుకని పిలవగానే వచ్చారు. మా బావి పన్నెండు గజాల లోతు. సగం దాకా రాతి మెట్లున్నాయి. అక్కడి నుంచి అడుగుకు వెదురు నిచ్చెన దించారు. గిరకకు మోకు కట్టారు. పార, గడ్డపార, తట్టలు సిద్ధం.

చుట్టుపక్కల పొలాల నుంచి ఐదారుగురు వయసు మళ్లిన మగవాళ్లు చూడటానికి వచ్చి గట్టు మీద కూర్చున్నారు. సాయానికి కాదు, వినోదానికి.

మా అత్త వెంటనే దిగుతుందనుకున్నాను. ఆమె దిగలేదు. లాంతరు వెలిగించి, గంపలో పెట్టి, తాడుతో బావి అడుగుకు దించింది. సగం దాకా బాగానే వెలిగింది. అడుగుకు చేరగానే మంట చిన్నదై, ఊగి, ఆరిపోయింది.

గట్టు మీద కూర్చున్నవాళ్లలో ఒకాయన, పక్క పొలం రైతే, గట్టిగా నవ్వాడు. "సూసిన్రా? గంగమ్మ ఊదేసింది! పోన్రి, ఇంట్ల పని సూసుకోన్రి."

బోడుప్పల్ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త మాత్రం ఆయన వైపు కూడా చూడకుండా వేపచెట్టు దగ్గరికి వెళ్లి, పెద్ద పెద్ద కొమ్మలు నరికి, మోపుగా కట్టి, ఆ మోపును మోకుకు వేలాడదీసింది. బావిలోకి దించడం, పైకి లాగడం, మళ్లీ దించడం. గంటసేపు అదే పని. కింద నిలిచిపోయిన చెడుగాలి కదిలి పైకి వస్తుందని, కొత్త గాలి లోపలికి పోతుందని నాకు చెప్పింది. తన అత్తగారింట్లో బావి తవ్వేవాళ్లను చూసి నేర్చుకున్నదట. తర్వాత మళ్లీ లాంతరు దించింది. ఈసారి మంట నిలబడింది. పది నిమిషాలు నిలబడింది.

"దీపం బతికిన కాడ మనిషి బతుకుతడు," అంది నాతో. గట్టు మీదివాళ్లకు వినపడేలా మాత్రం, "గాలాడక ఆరింది, గాలాడితె వెలిగింది. గంగమ్మకు దీపం మీద ఏం పగ?" అంది. కొంగు నడుముకు బిగించి, మోకు కట్టుకొని, మెట్లు దిగింది.

మొండితనం అంటే కళ్లు మూసుకొని దూకడం అని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ గంటలో అది కాదని తెలిసింది.

బావి అడుగు చీకటి. సూర్యుడు నడినెత్తికి వస్తే తప్ప వెలుగు కిందికి పోదు. నడినెత్తికి వచ్చాక పైన ఉన్నవాళ్లు నిలబడలేరు. అందుకని అత్త ఒక ఉపాయం చేసింది. ఇంట్లో గోడకున్న అద్దం తెప్పించి నా చేతికిచ్చింది. బావి గట్టు మీద నిలబడి, పొద్దున్నే ఏటవాలుగా వచ్చే ఎండను ఆ అద్దంతో పట్టి, కిందికి కొట్టాలి. వాళ్లెక్కడ తవ్వితే అక్కడికి ఆ వెలుగు ముక్కను జరపాలి. "సూర్యుడు మన మీద పగబట్టిండు గద, జర ఆయనతోని సుత పని జేయించుకుందం," అంది.

నాకు అంత పెద్ద పని అంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఎండ నా వీపును కాలుస్తుంటే, ఆ ఎండనే పట్టుకొని బావిలోకి పంపిస్తూ నిలబడ్డాను. కింద అత్తా, ఒక ఆమె తవ్వి తట్ట నింపేవాళ్లు. పైన అమ్మా, ఇంకో ఆమె లాగి పారబోసేవాళ్లు. నల్లటి పూడిక, ముక్కు పగిలే కంపు. అందులో కుండ పెంకులు, తుప్పుపట్టిన కొడవలి, ఏనాడో నేను పోగొట్టి తిట్లు తిన్న స్టీలు గ్లాసు వచ్చాయి. మొదటి రోజు పూడిక వచ్చింది, నీళ్లు రాలేదు.

రెండో రోజు బోడుప్పల్ ఆడవాళ్లలో ఒకామె రాలేదు. ఆడవాళ్లు బావిలో దిగిన ఊరికి ఇక వానే పడదని వాళ్ల వాడలో ఎవరో అన్నారట. భర్త పోవద్దన్నాడట. మిగిలిన ముగ్గురే తవ్వారు, లాగారు. ఆ రోజు పూడిక అయిపోయి, రాళ్లు కలిసిన గట్టి మట్టి తగిలింది. గడ్డపార వేస్తే ఖంగుమనేది. అమ్మ అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. గుడ్డ చుట్టుకొని లాగింది. ఎండ పదకొండు గంటలకే నిప్పులా ఉంది. అద్దం పట్టుకొని ఉన్న నాకు కళ్ల ముందు పచ్చగా, ఎర్రగా ఏవో తిరిగాయి. తర్వాత ఏమైందో తెలియదు.

కళ్లు తెరిచేసరికి వేపచెట్టు నీడలో ఉన్నాను. అత్త ఒళ్లంతా బురదతో నా పక్కన కూర్చొని, ఉల్లిగడ్డ చితక్కొట్టి అరికాళ్లకు రుద్దుతోంది. తన వంతు తాగేనీళ్లన్నీ నా తల మీద తడిగుడ్డకు పోసేసింది. "నా బుద్ధి గడ్డిదిన్నది. పసిపోరిని ఎండల నిలబెట్టిన," అని తనను తానే తిట్టుకుంటోంది. కాసేపటికి అమ్మతో మెల్లగా అంది. "ఇంకొక్కొద్దు సూద్దం మరదలా. గప్పుడు సుత రాకపోతె, సోమారం నాడు తమ్మునితోని నేనే సంతకం పెట్టిస్త."

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఎండదెబ్బకు కాదు. ఆమె ఓడిపోవచ్చని నాకు ఆ క్షణం దాకా తోచనే లేదు.

ఆ తర్వాత రెండు రోజులు నన్ను ఎండలోకి రానివ్వలేదు, అమ్మ చేతులు మానేదాకా పని ఆపారు. ఆదివారం మళ్లీ మొదలుపెట్టాం. నా తలకు తడి కండువా చుట్టి, అరగంటకోసారి నీడకు పోవాలని ఒట్టు వేయించుకొని అద్దం ఇచ్చారు. ప్లాట్ల మనిషి రావడానికి మిగిలింది ఆ ఒక్క రోజే.

సైరన్ మోగేవేళకు మొన్న రాని ఆమె వచ్చింది. ఒక్కతే రాలేదు, తన అత్తగారిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ ముసలామె పళ్లు లేని నోటితో నవ్వి, "మా కొడుకు పోవద్దన్నడు. వానికేం ఎరుక? మా బాయి సుత ఎండింది. మీరెట్ల దీస్తున్నరో సూసి నేర్సుకుందమని ఒచ్చినం," అని, కొంగు బిగించి మోకు పట్టుకుంది.

ఆ రోజు ఇద్దరి చేతులు ఎక్కువయ్యాయి. పదిగంటల వేళకు కింద నుంచి అత్త కేక వేసింది. అడుగున రాయి వచ్చింది. రెండు బండరాళ్ల నడుమ సందు, ఆ సందు నిండా గులకరాళ్లు, చెట్టువేళ్లు, ఇరుక్కున్న మట్టి. అక్కడి మట్టి మాత్రం తడిగా ఉంది. ఒకప్పటి ఊట మూతి అదే. కానీ సందు సన్నం. గడ్డపార వేస్తే రాయి ఇంకా బిగుస్తోంది. పెద్దవాళ్ల చేయి దూరడం లేదు.

అత్త సందును వేళ్లతో కొలిచి చూసింది. తర్వాత పైకి చూసి నన్ను పిలిచింది. "బిడ్డా, దిగుతవా? భయమైతె వద్దు. నిజంగ వద్దు."

భయం వేసింది. అయినా దిగాను. అమ్మ నా నడుముకు మోకు రెండు చుట్లు చుట్టి, ముడిని మూడుసార్లు లాగి చూసింది. మెట్లు దిగుతుంటే ఎండ తగ్గుతూ పోయింది. నిచ్చెన మీదికి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. పైకి చూస్తే ఆకాశం పళ్లెమంత. అడుగున కాలు పెట్టగానే అత్త నన్ను ఒక్క క్షణం గట్టిగా పట్టుకుంది.

నేను దిగాను కనుక అద్దం పట్టేవాళ్లు లేరు. సందులో ఏమీ కనిపించడం లేదు. అత్త కర్రతో లోపల పొడిచి, తేళ్లూ పురుగులూ లేవని చూసుకొని, "చెయ్యి బెట్టు" అనబోతుండగా గోడ మీద వెలుగు పడింది. ఊగుతూ, వణుకుతూ కిందికి జారి, సందు మీదికి వచ్చి నిలబడింది. అమ్మే అద్దం తీసుకుందనుకున్నాం.

భుజం దాకా చేయి పెట్టాను. ఒక్కొక్క రాయి లాగాను. చెట్టువేళ్లు చుట్టుకుపోయి ఉన్నాయి, వాటిని తెంపాను. గోళ్లు విరిగాయి. ఒక చదునైన రాయి ఎంతకీ కదలలేదు. అత్త నా నడుము పట్టుకొని వెనక్కి లాగింది, నేను రాయిని లాగాను. ఇద్దరం బురదలో వెనక్కి పడ్డాం. రాయి నా చేతిలో ఉంది. మళ్లీ చేయి పెట్టాను. వేళ్ల సందుల నుంచి ఏదో కదిలి పోయింది.

"అత్తా, సల్లగున్నది!"

వింత ఏమీ జరగలేదు. నీళ్లు చిమ్ముకొని రాలేదు. బురద రంగులో, దారంలాగా సన్నటి ధార ఒకటి రాయి మీద నుంచి జారింది. కాసేపటికి దారం తాడంత అయింది. అంతే. అత్త దోసిలి పట్టి మొదట తాను నోట్లో పోసుకుంది. మట్టిని ఉమ్మేసి, నన్ను చూసి నవ్వింది. బురద నిండిన ఆ మొహంలో పళ్లు మాత్రమే తెల్లగా కనిపించాయి. పైకి తలెత్తి, బావి గోడలు మారుమోగేలా, "ఒచ్చింది! కోపమొచ్చి ఒచ్చిందో, ప్రేమతోని ఒచ్చిందో గని, ఒచ్చింది!" అని అరిచింది.

నన్ను పైకి లాగినప్పుడు చూశాను. అమ్మ చేతిలో మోకు ఉంది. అద్దం పట్టుకొని నిలబడింది మా తాతయ్య. ఇన్ని రోజులు బావి దిక్కు చూడని మనిషి, నెత్తిన కండువా కూడా లేకుండా, ఎండలో నిలబడి, వణుకుతున్న రెండు చేతులతో అద్దాన్ని పొట్టకు ఆనించి పట్టుకున్నాడు.

అత్త పైకి వచ్చి ఆయన్ని చూసి ఆగిపోయింది. "ఎప్పుడొచ్చినవు నాయినా?"

"పొల్ల దిగినంక," అన్నాడు ఆయన. "చీకట్ల దానికెట్ల గనవడ్తది?"

అత్త ఆయన చేతిలోంచి అద్దం తీసుకొని, తన కొంగును ఆయన తల మీద కప్పి, చెట్టు నీడకు నడిపించుకుపోయింది. గట్టు మీద వినోదం చూడటానికి వచ్చినవాళ్లు ఎప్పుడు లేచి వెళ్లిపోయారో తెలియదు.

తెల్లవారేసరికి బావిలో మోకాలి లోతు నీళ్లు చేరాయి. సోమవారం పొద్దున ప్లాట్ల మనిషి చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. చేతిలో కాగితాలున్నాయి. మా అత్త గోళ్లలో బురద ఇంకా పోలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఎండిన బాయి అంటివి గద. ఎండల వడి ఒచ్చినవు, తాగు."

ఆయన చెంబులోకి తొంగి చూశాడు. నీళ్లు ఇంకా కొంచెం ఎర్రగానే ఉన్నాయి. మర్యాదకు ఒక గుక్క తాగాడు. "గిన్ని నీళ్లతోని మూడెకరాలు పారుతదా అక్కా?" అన్నాడు, వెక్కిరింపుగా కాదు, నిజంగానే.

"పారది," అంది అత్త. "అరెకరం పారుతది. మిగిలింది వానకు ఎదురుసూస్తది. మేం సుత సూస్తం. నీకు తొందరుంటె ఇంకోకాడికి పో."

ఆయన నాన్న వైపు తిరిగాడు. నాన్న మంచం మీద లేచి కూర్చొని, "మా అక్క చెప్పింది ఇనవడ్డది గద అన్నా," అన్నాడు.

ఆమె చెప్పింది నిజమే. ఆ నీళ్లు అన్నింటికీ చాలలేదు. బీరపాదులు కూడా పోయాయి. వంగమడులూ, బర్రెలూ నిలిచాయి. దూడ కూడా నిలిచింది. వాన ఆలస్యంగా వచ్చింది, అయినా వచ్చింది. ఆడవాళ్లు బావిలో దిగిన ఊరికి వాన పడదన్నవాళ్లు ఆ రోజు మా ఇంటి ముందు నుంచే తడుస్తూ పోయారు.

అంతకు ముందే ఇంకో సంగతి జరిగింది. లాంతరు ఆరినప్పుడు నవ్విన పక్క పొలం రైతు ఒక సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చి, తన బావి కూడా పూడిపోయిందని, తాతయ్య ఎవరినైనా చూసి పెట్టాలని నసిగాడు. తాతయ్య ఇంటిలోపలికి చేయి చూపించాడు. "నన్నడిగితె ఏమొస్తది? మా బిడ్డనడుగు. ఆమెకు తీరికుంటె." ఆ మాట అంటున్నప్పుడు ఆయన వీపు నిటారుగా ఉంది. ఆ ఎండాకాలంలో మా అత్తా, బోడుప్పల్ ఆడవాళ్లూ కలిసి ఇంకా రెండు బావుల్లో దిగారు. దిగేముందు ప్రతిసారీ లాంతరు దించారు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు.

తోట మరో ఎనిమిదేళ్లు మా చేతిలోనే ఉంది. చివరికి తొంభైల్లో చుట్టూ కాలనీలు లేచి, దారులు మూసుకుపోయి, మేం కూడా అమ్మాం. బావిని పూడ్చేశారు. దాని గురించి నేను అబద్ధం చెప్పను. కానీ అమ్మిన రోజు పంట పచ్చగా ఉంది, నిర్ణయం మాది. ఎండకు జడిసి, ఇంకొకరు మంచం పక్కన కూర్చొని మెత్తగా చెబితే అమ్మింది కాదు. ఆ తేడా ఏమిటని నా పిల్లలు అడుగుతారు. మా అత్త బతికున్నంత కాలం తలెత్తుకొని తిరిగింది, అదే తేడా అంటాను.

ఆమె నుంచి నాకు వచ్చినది ధైర్యం అని ఊరికే అనలేను. నేను స్వతహాగా పిరికిదాన్నే. నాకు వచ్చింది ఒక అలవాటు. ఇది నీ పని కాదు, ఇందులో నువ్వు చేయి పెట్టకూడదు అని ఎవరైనా అంటే, అలా అన్నవాళ్ల మొహం చూడటం మానేసి ఆ పని వైపు చూస్తాను. లోతెంత, ప్రమాదమెక్కడ, చేయి పడుతుందా లేదా. అవి తేలాక ఇక ఎవరి కోపమూ నన్ను ఆపలేదు. పెళ్లయ్యాక నాచారంలో మా ఆయన పెట్టిన పిండి గిర్ని, ఆయనకు జబ్బు చేసినప్పుడు మూతపడబోయింది. మోటారు దగ్గర ఆడమనిషి ఏమిటని బంధువులన్నారు. నెలరోజులు కూర్చొని ఆ మోటారును, బెల్టును, రాళ్లను నేర్చుకొని, నేనే తెరిచాను. ఇరవై రెండేళ్లు నడిపాను. తెరిచిన మొదటి రోజు వరుసలో ముందు నిలబడ్డ పెద్దమనిషి గోధుమల డబ్బా కింద పెట్టకుండానే లోపలికి తొంగి చూసి, "ఏంది, మొగోళ్లెవ్వరు లేరా?" అని అడిగాడు.

"ఉన్నరు," అన్నాను. "నీ ఎనకనే, లైన్ల నిలవడ్డరు. డబ్బా ఇటియ్యి."